చెయ్యి లేవడం లేదా, లేపినా లేవడం లేదా? భుజం నొప్పిలో అసలు తేడా ఇక్కడే

భుజం నొప్పితో వచ్చిన ఇద్దరికి, కాగితం మీద అచ్చేసిన అవే ఆరు ఎక్సర్‌సైజులు ఇచ్చి పంపితే ఒకరికి నెల తిరిగేసరికి చెయ్యి తేలికపడుతుంది. రెండోవారికి పడుతున్న కాస్త నిద్ర కూడా పోతుంది. తప్పు ఎక్సర్‌సైజులది కాదు. ఆ ఇద్దరి భుజాల్లో జరుగుతున్నది వేరువేరు. ఒకరికి కీలు బాగానే కదులుతుంది, దాన్ని కదిలించే కండరాలూ, వాటిని ఎముకకు కట్టి ఉంచే తాళ్లలాంటి స్నాయువులూ నొస్తున్నాయి. ఇంకొకరికి కండరాలు బాగానే ఉన్నాయి, కీలును చుట్టి ఉన్న సంచి బిగుసుకుపోయింది. మొదటివారి భుజానికి పని పెంచాలి. రెండోవారికి పని పెంచితే మిగిలేది నొప్పే.

ఈ రెండింటినీ విడదీయడానికి మొదటి రోజే స్కానింగ్ అక్కర్లేదు. అద్దం ముందు నిలబడి రెండు మోచేతులనూ పక్కటెముకలకు ఆనించి, 90 డిగ్రీలు వంచి, బొటనవేళ్లు పైకి ఉండేలా పెట్టాలి. మోచేతులు ఒంటికి అంటుకునే ఉండగా ముంజేతులను తలుపు రెక్కల్లా బయటికి తెరవాలి. మామూలు భుజం 50 నుంచి 80 డిగ్రీల దాకా తెరుచుకుంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో తీరు కాబట్టి బాగున్న వైపే కొలత. నొప్పి ఉన్న వైపు మధ్యలో ఆగిపోతే, పక్కన ఉన్నవారి చేత ఆ ముంజేతిని మెల్లగా ఇంకొంచెం బయటికి తోయించి చూడాలి. తోస్తే వెళ్లిందంటే కీలుకు దారి ఉంది, లేనిది బలం. తోసినా గోడకు తగిలినట్టు ఆగిపోయిందంటే దారే మూసుకుపోయింది. ఈ పరీక్షలో జరిగే పొరపాటు ఒక్కటే: మోచెయ్యి ఒంటి నుంచి జరిగిపోతుంది, లేదా నడుము తిరిగిపోతుంది, చెయ్యి తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, అది కింద పడకుండా చూసుకుంటే ఈ మోసం ఉండదు.

చెయ్యి పైకెత్తడం ద్వారా కూడా ఇదే చూడొచ్చు కానీ అది అంత నమ్మకమైన పరీక్ష కాదు. కీలు బిగుసుకున్నవాళ్లు భుజం మొత్తాన్నీ చెవి దాకా ఎగదోసి, నడుము వంచి, ఎలాగోలా చెయ్యి పైకి చేరుస్తారు. బయటికి తిప్పడంలో అలాంటి దొడ్డిదారులు తక్కువ.

ముందు భుజం కానివాటిని పక్కన పెట్టాలి

భుజం దగ్గర నొప్పి పుట్టినంత మాత్రాన రోగం భుజంలోనే ఉందని కాదు. ఎడమ భుజంలోనో చేతిలోనో బరువుగా నొప్పి, దాంతోపాటు ఛాతీ బిగువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండె విషయం. ఎక్సర్‌సైజు సంగతి తర్వాత, అత్యవసర వైద్యం ముందు. పిత్తాశయం వాచినా, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరం కింద చీము చేరినా కుడి భుజం కొసన నొప్పి తెలుస్తుంది. డయాఫ్రం నరం, భుజం మీది చర్మపు నరాలు మెడలో దాదాపు ఒకే చోటు నుంచి రావడం దీనికి కారణం. చెయ్యి ఎటు తిప్పినా నొప్పిలో తేడా లేకపోతే ఇలాంటివి అనుమానించాలి. జ్వరంతో కీలు ఎర్రగా వేడెక్కినా, బరువు తగ్గిపోతున్నా, పాత క్యాన్సర్ ఉన్నా, దెబ్బ తగిలి భుజం ఆకారమే మారినా ఫిజియోథెరపీ గది కన్నా ముందు డాక్టరు గది. యాభై దాటినవాళ్లకు రెండు భుజాలూ ఒకేసారి పట్టేసి, పొద్దున్నే ముప్పావు గంటకు పైగా వదలకపోతే అది పాలీమయాల్జియా రుమాటికా అనే వాపు జబ్బు కావచ్చు. దానికి రక్తపరీక్ష, మందు కావాలి.

మెడ సంగతి తరచుగా వస్తుంది. మెడలో నరం నొక్కుకుంటే నొప్పి మోచేయి దాటి వేళ్ల దాకా పాకుతుంది, తిమ్మిరి ఉంటుంది, మెడ వెనక్కి వంచి ఆ వైపు తిప్పితే పెరుగుతుంది. ఇలాంటివాళ్లలో కొందరు తమకు తెలియకుండానే చెయ్యి తల మీద పెట్టుకుని కూర్చుంటారు, ఎందుకంటే అలా పెడితే నరం మీద లాగుడు తగ్గి హాయిగా ఉంటుంది. భుజం జబ్బు ఉన్నవాడికి సరిగ్గా ఆ భంగిమే కష్టం. భుజం కీలు నొప్పి ఎక్కువగా జబ్బ బయటి వైపు, టీకా వేసేచోట తెలుస్తుంది, మోచేయి దాటడం అరుదు.

చెంచాలో నిమ్మకాయ

జబ్బ ఎముక తల పెద్ద బంతి, అది ఆనే గుంట చిన్న పళ్లెం. నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే పోటీ గుర్తు తెచ్చుకుంటే భుజం కీలు ఎంత అస్థిరమైనదో తెలుస్తుంది. తుంటి కీలులా లోతైన గిన్నె ఉండి ఉంటే జారేది కాదు, కానీ వీపు గోక్కోవడం, బంతి విసరడం సాధ్యమయ్యేవి కావు. ఎముక ఇవ్వని స్థిరత్వాన్ని నాలుగు చిన్న కండరాలు ఇస్తాయి: సుప్రాస్పైనేటస్ పైన, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్ వెనక, సబ్‌స్కాప్యులారిస్ ముందు. ఈ నాలుగింటి స్నాయువులు కలిసి ఎముక తలకు చొక్కా కఫ్‌లా చుట్టుకుంటాయి కాబట్టి రొటేటర్ కఫ్ అన్న పేరు. డెల్టాయిడ్ అనే పెద్ద కండరం చేతిని ఎత్తబోతే బంతి పైకి జారి పైకప్పు ఎముకకు గుద్దుకోవాలి. ఈ నాలుగూ దాన్ని పళ్లెంలోకి నొక్కిపట్టి ఉంచుతాయి. వాడుకలో వీటి నొప్పిని ‘నరం పట్టింది’ అంటారు గానీ నరానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంకో సగం కథ వీపు మీది రెక్క ఎముకది. చెయ్యి పూర్తిగా, అంటే 180 డిగ్రీలు పైకి వెళ్లాలంటే అందులో సుమారు 120 భుజం కీలు నుంచి, 60 రెక్క ఎముక తిరగడం నుంచి రావాలి. మొదటి 30 డిగ్రీలలో రెక్క ఎముక పెద్దగా కదలదు, ఆ తర్వాత సుమారుగా రెండుకు ఒకటి చొప్పున సాగుతుంది. ఈ లెక్క తెలిస్తే బాగా ప్రచారంలో ఉన్న ఒక సలహా ఎందుకు బెడిసికొడుతుందో అర్థమవుతుంది. ‘భుజాలు వెనక్కి, కిందికి లాగి గట్టిగా పట్టుకోండి’ అని చెప్పి, ఆ పట్టు వదలకుండానే చెయ్యి ఎత్తమంటారు. రెక్క ఎముకను కిందికి బిగించేస్తే అది ఇవ్వాల్సిన 60 డిగ్రీలు ఎక్కణ్నుంచి వస్తాయి? కూర్చున్నప్పుడు వంగిపోయే అలవాటు మానడానికి ఆ సలహా పనికొస్తుంది. చెయ్యి ఎత్తేటప్పుడు మాత్రం రెక్క ఎముకను దాని దారిన పోనివ్వాలి.

దారి ఉంది, బలం లేదు: రొటేటర్ కఫ్ నొప్పి

భుజం నొప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. చెయ్యి పక్కనుంచి ఎత్తుతుంటే 60 డిగ్రీల దాకా బాగుంటుంది, 60 నుంచి 120 మధ్య గుచ్చుతుంది, ఆ పైన మళ్లీ తగ్గుతుంది. దించేటప్పుడు అదే చోట మళ్లీ. పై అర అందుకోవడం, ఆ వైపు తిరిగి పడుకోవడం, కారు వెనక సీట్లోంచి సంచీ లాగడం కష్టమవుతాయి. ఇంకొకరు ఎత్తితే మాత్రం చెయ్యి దాదాపు పూర్తిగా వెళ్తుంది.

దీనికి చాలాకాలం చెప్పిన కారణం చార్లెస్ నీర్ అనే సర్జన్ 1972లో ప్రతిపాదించింది: పైకప్పు ఎముక, అంటే అక్రోమియన్, స్నాయువును రాసుకుంటోంది, కాబట్టి ఆ ఎముకను కొంచెం చెక్కాలి. వినడానికి తర్కంగా ఉంది, దశాబ్దాల పాటు ఆపరేషన్లు అలాగే జరిగాయి. బ్రిటన్‌లో చేసి 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన సీశా (CSAW) పరిశోధనలో కొందరికి ఎముక చెక్కారు, కొందరికి కీలులోకి కెమెరా పెట్టి చూసి ఏమీ చెక్కకుండా వదిలేశారు, కొందరికి ఆపరేషనే చేయలేదు. చెక్కినవాళ్లకూ ఊరికే చూసి వదిలినవాళ్లకూ తేడా లేదు. ఆపరేషన్ లేనివాళ్లతో పోల్చినా వచ్చిన తేడా రోగికి తెలిసేంతది కాదు. ఇంచుమించు అదే సమయంలో ఫిన్లాండ్‌లో చేసిన మరో పరిశోధనా అదే దిశలో చెప్పింది. 2019లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రిక మార్గదర్శక బృందం ఈ ఆపరేషన్ వద్దని గట్టిగానే సిఫారసు చేసింది. ఎముక గీరుకోవడం కన్నా స్నాయువు తట్టుకోగలిగిన దానికీ దాని మీద పడిన పనికీ పొంతన లేకపోవడమే అసలు గొడవ అని ఇప్పటి ఆలోచన. ఆరు నెలలు చెయ్యి పెద్దగా ఎత్తనివాడు ఒక ఆదివారం మొత్తం పైకప్పుకు రంగు వేస్తే సోమవారం భుజం పట్టేయడంలో వింతేమీ లేదు.

స్కానింగ్ రిపోర్టు చూసి బెంబేలెత్తేవాళ్లకు ఒక మాట. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో భుజం నొప్పి ఏమాత్రం లేని, 40 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న 51 మంది మగవాళ్లకు అల్ట్రాసౌండ్ చేస్తే 96 శాతం మందిలో ఏదో ఒక తేడా కనిపించింది. జుట్టు నెరిసినట్టే స్నాయువూ నెరుస్తుంది. రిపోర్టులో ‘పార్షియల్ టేర్’, అంటే స్నాయువు కొంత చిరిగింది, అన్న మాట ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని, కోయాల్సిందేనని అర్థం కాదు. దీనికి మినహాయింపు ఒకటుంది, దాన్ని మరవకూడదు. కిందపడో, చెయ్యి ఒక్కసారి గుంజుకునో, అప్పటిదాకా బాగా లేచిన చెయ్యి ఆ రోజు నుంచి అసలు లేవకపోతే, ఇంకొకరు ఎత్తి వదిలేస్తే టపీమని పడిపోతుంటే, స్నాయువు పూర్తిగా తెగి ఉండొచ్చు. దానికి వారాల్లోనే స్కానింగ్, సర్జన్ అభిప్రాయం కావాలి. మూడు నెలలు ఎక్సర్‌సైజులు చేసి చూద్దామనుకుంటే తెగిన కొస వెనక్కి ముడుచుకుపోయి, కండరం కొవ్వుగా మారి, కుట్టడం కష్టమవుతుంది.

మిగతావాళ్లకు వైద్యం భుజానికి బరువు పని పెట్టడమే. ఆ పని ఎంత, ఎలా అన్నదే ఫిజియోథెరపిస్ట్ నైపుణ్యం.

నొప్పి బాగా ఉన్న మొదటి వారం, పది రోజులు కదలిక లేని ఒత్తిడితో మొదలుపెట్టడం మంచిది. గోడ పక్కన నిలబడి, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి ఒంటికి ఆనించి, ముంజేతి వెనక భాగంతో గోడను బయటికి నొక్కాలి. పూర్తి బలంతో కాదు, మూడో వంతు బలంతో. 10 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచి వదలాలి, ఐదు సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. చెయ్యి కదలదు గానీ స్నాయువుకు పని అందుతుంది. చాలామందికి ఇదే కాస్త నొప్పి కూడా తగ్గిస్తుంది.

తర్వాతది పక్కకు పడుకుని చేసేది. చూడ్డానికి చిన్నది గానీ మొత్తం కార్యక్రమానికి వెన్నెముక ఇదే. బాగున్న వైపు తిరిగి పడుకోవాలి, తల కింద దిండు. పైన ఉన్న చేతి మోచేయికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన తువ్వాలు. మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, చేతిలో అర కిలో బరువు, లేదంటే అర లీటరు నీళ్ల సీసా. పిడికిలి పొట్ట దగ్గర నుంచి మొదలై ముంజెయ్యి నేలకు సమాంతరంగా వచ్చి కొంచెం పైకి వెళ్లాలి. ఎత్తడానికి రెండు సెకన్లు, దించడానికి నాలుగు. దించడంలోనే స్నాయువుకు సగం మేలు, ధబీమని వదిలేస్తే ఆ సగం పోయినట్టే. 10 నుంచి 12 సార్లు, మూడు విడతలు, మధ్యలో నిమిషం విరామం, రోజు విడిచి రోజు. చేసే రోజుల్లో వరసగా రెండు సార్లు 15 చొప్పున మూడు విడతలు తేలిగ్గా వస్తే మరో అర కిలో పెంచొచ్చు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, బరువు ఎక్కువైనప్పుడు మనిషి మొత్తం వెనక్కి దొర్లుతాడు, లేదా మణికట్టు వెనక్కి విరుస్తాడు. అప్పుడు పని భుజానికి అందదు, మణికట్టు నొస్తుంది. బరువు తగ్గించడంలో నామోషీ లేదు, ఇది జిమ్‌లో డంబెల్ లెక్క కాదు.

చెయ్యి పైకెత్తే ఎక్సర్‌సైజులో దిశ ముఖ్యం. తిన్నగా పక్కకూ కాదు, తిన్నగా ముందుకూ కాదు. పక్కనుంచి సుమారు 30 డిగ్రీలు ముందుకు జరిపిన దారిలో, బొటనవేలు పైకి ఉండేలా ఎత్తాలి. రెక్క ఎముక సహజంగా ఉండే వాలు అదే. బొటనవేలు కిందికి తిప్పి ఎత్తమని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది, నొప్పి ఉన్న భుజానికి అది అక్కర్లేని బాధ. బరువుతో ఎత్తలేకపోతే గోడ మీద తువ్వాలు పెట్టి, దాన్ని అరచేత్తో పైకి జారిస్తూ మొదలుపెట్టొచ్చు. గోడ చేతి బరువులో కొంత మోస్తుంది. వీటికి తోడు రెక్క ఎముకను పట్టి తిప్పే సెరేటస్ కండరానికి ఒకటి: గోడకు చేతులు ఆనించి, మోచేతులు వంచకుండా, గోడను దూరంగా నెడుతున్నట్టు వీపు పైభాగాన్ని గుండ్రం చేసి, మళ్లీ వదలాలి. కదలిక రెండంగుళాలు కూడా ఉండదు. అంత చిన్నది కాబట్టే చాలామంది దాన్ని పుషప్‌గా మార్చేసి మోచేతులు వంచేస్తారు.

ఎంత నొప్పి సహించాలి? సున్నా అంటే లేదు, పది అంటే భరించలేం అనుకుంటే, చేసేటప్పుడు 3 లేదా 4 దాకా రావొచ్చు. అంతకన్నా ముఖ్యమైనది మర్నాడు. ఆ నొప్పి 24 గంటల్లో మామూలు స్థాయికి వచ్చేస్తే అదే మోతాదు కొనసాగించొచ్చు. రాత్రి నిద్ర చెడి, మర్నాడు కూడా చెయ్యి బరువుగా ఉంటే తర్వాతి సారి విడతలు తగ్గించాలి, ఎక్సర్‌సైజే మానేయకూడదు. నొప్పి సున్నా అయ్యాకే మొదలుపెడతామనేవాళ్లు ఎప్పటికీ మొదలుపెట్టరు, నొప్పి వస్తేనే పనిచేస్తోందనుకునేవాళ్లు రెండో వారంలో మానేస్తారు.

ఫలితానికి ఆరు వారాలు కొంచెం, పన్నెండు వారాలు సరిగ్గా. స్నాయువు కండరంలా త్వరగా బలపడదు. ఇక్కడ 2021లో వచ్చిన గ్రాస్ప్ పరిశోధన కాస్త ఆలోచింపజేస్తుంది. 708 మంది రొటేటర్ కఫ్ రోగుల్లో కొందరికి 16 వారాల్లో ఆరు దాకా ఫిజియో సెషన్లు, కొందరికి ఒకే ఒక్క సెషన్‌లో మంచి సలహా, ఇంట్లో చేసుకోవాల్సిన ఎక్సర్‌సైజులు ఇచ్చారు. ఏడాది తర్వాత రెండు గుంపులకూ తేడా రాలేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు మొదటి ఎనిమిది వారాల్లో కొంచెం మేలు, ఆ తర్వాత అదీ లేదు. దీన్ని బట్టి ఫిజియోథెరపీ దండగని చెప్పడం తొందరపాటు, ఆ ఒక్క సెషన్ కూడా ఫిజియోథెరపిస్టులదే మరి. కానీ రోజూ క్లినిక్‌కు వెళ్లి మెషీన్ పెట్టించుకోవడం వల్ల తగ్గుతుందన్న నమ్మకానికి ఇందులో ఆధారం లేదు. సరైన రోగ నిర్ధారణ, రెండు మూడు ఎక్సర్‌సైజులు తప్పుల్లేకుండా నేర్చుకోవడం, మూడు నాలుగు వారాలకోసారి మోతాదు మార్చడానికి కలవడం చాలామందికి సరిపోతుంది.

దారే మూసుకుపోయింది: ఫ్రోజెన్ షోల్డర్

కీలు సంచి బిగుసుకుపోయే ఈ జబ్బుకు ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు 1934లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ పెట్టింది. పదకొండేళ్ల తర్వాత నెవియాసర్ దీన్ని అధెసివ్ క్యాప్సులైటిస్ అన్నాడు. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య, ఆడవాళ్లలో కొంచెం ఎక్కువగా వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో మిగతావాళ్లకన్నా కొన్ని రెట్లు ఎక్కువ, థైరాయిడ్ జబ్బుకూ దీనికీ సంబంధం ఉంది. కారణం లేకుండా భుజం బిగుసుకుపోయిన మనిషికి షుగర్ పరీక్ష చేయిస్తే అప్పటిదాకా తెలియని షుగర్ బయటపడటం అరుదేమీ కాదు. అందుకే ఆ పరీక్ష చేయించాలి.

కీలు చుట్టూ ఉన్న సంచి ముందు వాస్తుంది, తర్వాత మందమై కుంచించుకుపోతుంది. ఎక్కువగా బిగిసేది ముందు, పై భాగంలో, కొరాకోహ్యూమరల్ లిగమెంట్ అనే పట్టీ దగ్గర. చెయ్యి ఒంటి పక్కన ఉండగా బయటికి తిప్పినప్పుడు సాగాల్సింది సరిగ్గా అదే. అందుకే మొదట పోయేది ఆ కదలిక, తలుపు రెక్క పరీక్ష పనిచేసేదీ అందుకే. తర్వాత పక్కకు ఎత్తడం, వీపు వెనక్కి పెట్టడం పోతాయి. జడ వేసుకోలేరు, వెనక జేబులో పర్సు తీయలేరు, చొక్కా తొడుక్కోవడానికి నొప్పి చెయ్యే ముందు దూర్చాల్సి వస్తుంది.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. అయినా ఒక ఎక్స్‌రే తీయించడం మంచిది, అదీ పక్కనుంచి తీసే కోణం కూడా కలిపి. మూర్ఛ వచ్చినప్పుడో, కరెంటు షాక్ కొట్టినప్పుడో భుజం వెనక్కి తొలగి అలాగే ఇరుక్కుపోతే కూడా చెయ్యి బయటికి తిరగదు, అచ్చం ఫ్రోజెన్ షోల్డర్‌లా ఉంటుంది, ముందు నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలో దాన్ని దాటేసే ప్రమాదం ఉంది. అలాంటి భుజాన్ని నెలల తరబడి సాగదీయడం కన్నా దారుణం లేదు.

జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. నొప్పి దశ కొన్ని నెలలు, బిగువు దశ మరికొన్ని నెలలు, వదిలే దశ అన్నిటికన్నా పొడవు. అంతా కలిపి ఏడాది నుంచి మూడేళ్లు, కొందరికి చివర్లో కొంచెం బిగువు మిగిలిపోతుంది. ఏ దశలో ఉన్నారో తెలియకుండా చేసే ఫిజియోథెరపీ వల్లే ఈ వైద్యానికి చెడ్డపేరు వచ్చింది. నొప్పి దశలో ఉన్న మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, కేకలు పెడుతుంటే చెయ్యి తల పైకి తోసే పద్ధతి ఇంకా కనిపిస్తూనే ఉంది. వాచిన సంచిని లాగితే అది సాగదు, ఇంకా వాస్తుంది. 2004లో డియర్క్స్, స్టీవెన్స్ 77 మందిని రెండేళ్లు గమనించారు. నొప్పి హద్దులో తేలికపాటి కదలికలు మాత్రమే చేసినవాళ్లలో 89 శాతం మంది దాదాపు మామూలు భుజానికి చేరుకున్నారు, నొప్పిని దాటి గట్టిగా సాగదీసినవాళ్లలో 63 శాతమే.

అందుచేత నొప్పి దశలో చేయాల్సింది కొంచెం, తరచుగా. బల్ల మీద బాగున్న చెయ్యి ఆనించి ముందుకు వంగి, నొప్పి చేతిని తాడులా వేలాడనివ్వాలి. నడుమును మెల్లగా ఊపితే చెయ్యి దానంతటదే ఊగాలి. భుజం కండరంతో చేతిని తిప్పడం ఇక్కడ అందరూ చేసే తప్పు, అలా చేస్తే అది లోలకం కాదు, మరో బరువు పని. నిమిషం, రెండు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. ఇంకొకటి, కుర్చీలో కూర్చుని బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి, ఒంటిని ముందుకు వంచుతూ గుడ్డను జరపాలి. కీలు కోణం పెరుగుతుంది గానీ చేతిని ఎత్తాల్సిన పని లేదు. పది సార్లు, చివర ఐదు సెకన్లు చాలు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అసలు పనికొచ్చేది ఈ దశలోనే, కొన్ని వారాల నొప్పి తగ్గించి నిద్రనిస్తుంది, ఆ సమయంలో ఎక్సర్‌సైజు సాగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది కాబట్టి ముందే డాక్టరుకు చెప్పి, ఆ రోజుల్లో తరచుగా చూసుకోవాలి.

రాత్రి నొప్పి తగ్గి, చివర మాత్రమే లాగుతున్నట్టు అనిపించడం మొదలైతే బిగువు దశ వచ్చినట్టు. ఇప్పుడు సాగదీయాలి. వెల్లకిలా పడుకుని, నొప్పి వైపు మోచెయ్యి కింద మడిచిన తువ్వాలు పెట్టి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చేత్తో కర్రను తోస్తూ నొప్పి ముంజేతిని బయటికి తిప్పాలి. తువ్వాలు ఎందుకంటే, అది లేకపోతే మోచెయ్యి కిందికి జారి ఎముక తల ముందుకు పొడుచుకొస్తుంది, సాగేది సంచి ముందు భాగం కాక మరేదో అవుతుంది. చివరి హద్దులో 20 నుంచి 30 సెకన్లు, ఐదు సార్లు, రోజుకు రెండు మూడు పూటలు. ముందు పది నిమిషాలు వేడి కాపడం పెడితే తేలిగ్గా ఉంటుంది. సంచి సాగడానికి కావాల్సింది జోరు కాదు, హద్దు దగ్గర గడిపిన మొత్తం సమయం. ఫిజియోథెరపిస్ట్ చేత్తో చేసే మొబిలైజేషన్ ఇప్పుడు పనికొస్తుంది. ఎముక తలను గుంటలో మిల్లీమీటర్ల లెక్కన జరిపే పని అది, ఇంట్లో కుదరదు.

2020లో వచ్చిన యూకే ఫ్రాస్ట్ పరిశోధన 503 మందిని మూడు గుంపులు చేసింది. ఇంజెక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీ 12 వారాల్లో 12 సెషన్ల దాకా ఒకటి, మత్తు ఇచ్చి చేతిని కదిలించడం రెండోది, కెమెరాతో సంచిని కోసి విడిపించడం మూడోది. ఏడాదికి ఏదీ మిగతావాటికన్నా స్పష్టంగా మేలని తేలలేదు. అలాంటప్పుడు కోత, మత్తు లేనిదాంతో మొదలుపెట్టి, నెలలు గడిచినా కదలకపోతేనే మిగతావి ఆలోచించడం న్యాయం.

ఈ రెండు గదుల్లోనూ ఇమడనివి

ఉన్నట్టుండి ఒక రాత్రి భరించలేనంత నొప్పి, చెయ్యి తాకనివ్వకపోవడం, ఎక్స్‌రేలో స్నాయువు దగ్గర సుద్దముక్కలాంటి మచ్చ ఉంటే అది కాల్సిఫిక్ టెండినైటిస్. విచిత్రమేమంటే ఆ కాల్షియం నెలల తరబడి మౌనంగా ఉండి, శరీరం దాన్ని కరిగించుకునే సమయంలోనే అంత నొప్పి పెడుతుంది. ఆ వారం పది రోజులు ఐసు, మందు, అవసరమైతే ఇంజెక్షన్. బరువులు తర్వాత.

నొప్పి ఎక్కడంటే ఒక్క వేలితో భుజం పైకొసను చూపిస్తూ, చెయ్యి ఎదుటి భుజం వైపు అడ్డంగా లాగితే నొస్తుందంటే అది కాలర్ ఎముక చివరి కీలు. బెంచ్ ప్రెస్ లోతుగా చేసేవాళ్లలో ఎక్కువ. లోతు తగ్గిస్తే చాలాసార్లు సరిపోతుంది.

భుజం తొలగడం నూటికి తొంభైకి పైగా ముందుకే జరుగుతుంది. కుర్రవాళ్లలో మళ్లీ మళ్లీ తొలగే అవకాశం ఎక్కువ కాబట్టి సర్జన్‌తో ముందే మాట్లాడాలి. నలభై దాటినవాళ్లలో తొలగినప్పుడు రొటేటర్ కఫ్ కూడా తెగి ఉండొచ్చు, కట్టు విప్పాక చెయ్యి లేవకపోతే వెంటనే స్కానింగ్.

పక్షవాతం వచ్చిన చేతి భుజం సంగతి పూర్తిగా వేరు. కండరాలు పట్టుకోకపోవడం వల్ల ఆ కీలు చేతి బరువుకే కిందికి జారుతుంది. మంచం మీద నుంచి లేపేటప్పుడు చంకలో చెయ్యి వేసి, లేదా చెయ్యి పట్టుకుని లాగడం ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే పెద్ద హాని. తల పైన కప్పీ కట్టి తాడుతో చెయ్యి లాగే ఎక్సర్‌సైజు కూడా వీళ్లకు పనికిరాదు. కూర్చున్నప్పుడు ముంజేతి కింద దిండు ఉండాలి.

రాత్రి, మెషీన్లు, కొలత

భుజం నొప్పి రోగి మొదట అడిగేది నిద్ర. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి కింద చిన్న దిండో మడిచిన తువ్వాలో పెట్టాలి. అది లేకపోతే మోచెయ్యి భుజం కన్నా కిందికి వాలి, ముందు భాగం రాత్రంతా లాగబడుతుంది. బాగున్న వైపు తిరిగి పడుకుంటే ఛాతీ ముందు పెద్ద దిండు కౌగిలించుకోవాలి, లేదంటే పై చెయ్యి ముందుకు వేలాడుతుంది. మందు బిళ్ల కన్నా ఈ రెండు దిండ్లు కొందరికి ఎక్కువ మేలు చేస్తాయి.

అల్ట్రాసౌండ్ మెషీన్, చర్మం మీద నుంచి సన్నని కరెంటు ఇచ్చే ఐఎఫ్‌టీ లాంటివి పది నిమిషాలు హాయిగా ఉంటాయి. రొటేటర్ కఫ్ నొప్పిని అవి నయం చేస్తాయనడానికి మంచి ఆధారాలు లేవు. సెషన్ సమయమంతా మెషీన్ల కిందే గడిచి, చివర్లో రెండు నిమిషాలు ‘ఇవి ఇంట్లో చేయండి’ అని చెప్పడంతో ముగిస్తే ఆ సెషన్ తలకిందులుగా జరిగినట్టే.

బాగవుతోందో లేదో నొప్పి ఒక్కదాన్ని బట్టే చెప్పలేం, అది నిద్రను బట్టి, పనిని బట్టి రోజుకో రకంగా ఉంటుంది. వారానికోసారి మూడు చూస్తే చాలు. తువ్వాలు పెట్టుకుని బయటికి తెరిస్తే ఎంత తెరుచుకుంది? గోడకు ఎదురుగా నిలబడి వేళ్లు ఎంత ఎత్తుకు పాకించగలిగారు? అక్కడ పెన్సిల్‌తో గీత, పక్కన తేదీ. చెయ్యి వీపు వెనక్కి పెడితే బొటనవేలు ఎక్కడిదాకా వెళ్లింది: తుంటి, బెల్టు, నడుము మధ్య, రెక్క ఎముక కింద? ఈ మూడోది అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది, మిగతావన్నీ బాగయ్యాక కూడా నెలలు పట్టొచ్చు. అది రాలేదని రెండో చేత్తో తువ్వాలు పట్టి వెనక నుంచి బలంగా పైకి గుంజడం మొదలుపెడితే, తగ్గిన భుజం మళ్లీ మొదటికొస్తుంది. మొదటి రెండు గీతలూ పైకి జరుగుతున్నంతకాలం మూడోదాని జోలికి పోనక్కర్లేదు. ఆరు వారాల పాటు ఏ గీతా కదలకపోతే, ఎక్సర్‌సైజులు పెంచడం ఆపి, మొదటి పరీక్ష మళ్లీ చేసి చూడాలి: చెయ్యి లేవడం లేదా, లేపినా లేవడం లేదా.